చూసినప్పుడు మోగే గంట

మా పక్కింటి మామ్మగారు పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విజయవాడలో, కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. పొద్దున టిఫిన్ల వేళ జరిగిందట. పెరుగు పోసే ఆవిడ వచ్చి పిలిస్తే పలకలేదట. తలుపు తోసి చూస్తే మంచం పక్కన నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నట్టుగా ఉన్నారట. అమ్మ ఏడుస్తూ ఒక్కొక్కటే చెబుతోంది. అంతా విని నేను అడిగిన మొదటి మాట ఇది:

"గంట మోగిందా?"

"లేదే," అంది అమ్మ.

"మోగలేదా, నీకు వినపడలేదా?"

అమ్మ బాగా చిన్న గొంతుతో, "మిక్సీ వేశానే. దోసెల పిండి రుబ్బుతున్నాను. అప్పుడేమైనా మోగిందేమో," అంది.

మనిషి పోయారని చెబితే నేను అయ్యో అనలేదు. నేను కట్టిన గంట గురించి అడిగాను. ఆ అడగడంలో, తప్పు నా గంటది కాకుండా ఉంటే బాగుండునన్న ఆశ ఉంది. నా గంటది కాకపోతే ఆ తప్పు ఎవరి మీదికి పోతుందో అప్పుడు ఆలోచించలేదు. అది తిన్నగా వెళ్ళి అమ్మ మీద పడింది. ఆ రోజు నుంచి అమ్మ మిక్సీ ముట్టుకోలేదు. దాని మీద గుడ్డ కప్పి అటక మీద పెట్టేసింది. పిండి అంగట్లో కొనడం మొదలుపెట్టింది.

మామ్మగారి గురించి రాయాలని కూర్చున్నాను. గంట లేకుండా ఆమెను గుర్తు చేసుకోవడం నాకు చేతకావడం లేదు. రెండూ కలిపే రాస్తాను.

తిరువూరులో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. ఆవిడ మాకు చుట్టం కాదు. అమ్మ అత్తయ్యగారూ అని పిలిచేది కాబట్టి నాకు మామ్మగారయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం చేసినంత కాలం టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. ఎన్నో ఊళ్ళు తిరిగి, రిటైరయ్యాక ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. విస్సన్నపేటలో ఒక మేనకోడలు ఉంది, బళ్ళో టీచరు. ఆదివారం చర్చి అయ్యాక షేర్ ఆటో ఎక్కి వచ్చి, చూసి వెళ్ళేది. మిగతా రోజుల్లో ఆవిడకి మేము, మాకు ఆవిడ.

ఆవిడ ఫోనెత్తితే హలో అనేవారు కాదు. "చెప్పండి, వింటున్నాను," అనేవారు. అలా అన్నాక నిజంగానే వినేవారు. అవతలివాళ్ళు ఎంతసేపు తడబడినా మధ్యలో మాట అందించేవారు కాదు. నేను చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్యాను సంగతి చెప్పడానికి వెళ్ళి, "మామ్మగారూ, మా ఫ్యాను పాడైంది," అన్నాను.

"పాడైంది అంటే?"

"పని చెయ్యట్లేదండి."

"అదీ మాట కాదు. తిరగట్లేదా, తిరిగి ఆగిపోతోందా, తిరుగుతూ చప్పుడు చేస్తోందా?"

నాకు తెలియలేదు. చూసొస్తానని పరిగెత్తాను. మళ్ళీ వచ్చి, "మెల్లగా తిరుగుతోందండి. ఒకవైపు ఒరిగి తిరుగుతోంది," అన్నాను.

"అదిగో, ఇప్పుడు చెప్పావు," అన్నారు. ఫ్యాను బాగు చేసినంత సంతోషం ఆ మొహంలో. ఫ్యాను మాత్రం మా నాన్న వేరే మనిషిని పిలిచి బాగు చేయించాల్సి వచ్చింది.

మాటల మీద నాకు ఇష్టం పుట్టింది ఆ వరండాలోనే. ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి, ఈ రెంటికీ తేడా ఏంటి అని అడగడం ఆవిడకి ఆట. మోగలేదు అనడానికీ, వినపడలేదు అనడానికీ మధ్య ఎంత దూరముందో ఆవిడే నేర్పారు. అదే తేడా పట్టుకుని నేను అమ్మను నిలదీశాను. నేర్పినావిడ ఎవరినీ ఏడిపించడానికి నేర్పలేదు.

ఎక్స్చేంజి కబుర్లు ఆవిడ దగ్గర చాలా ఉండేవి. నాకు బాగా గుర్తున్నది ఒకటి. ఎప్పుడో, ఎక్కడో పని చేసిన ఊళ్ళో ఒక బట్టల కొట్టాయన ఫోను తరచూ మూగబోయేదట. ఆయన కంప్లైంటు ఇవ్వడం, లైన్‌మన్ వెళ్ళి చూడటం, చూసేటప్పటికి ఫోను చక్కగా మాట్లాడటం. పైనున్న ఆఫీసరు, "చూశాం, బాగుంది" అని రాసి కంప్లైంటు మూసేసేవాడట. మామ్మగారు ఊరుకునేవారు కాదు. మర్నాడు కొట్టాయనకు తానే ఫోన్ చేసి, బాగుందా అని అడిగేవారు. లేదంటే కంప్లైంటు మళ్ళీ తెరిచేవారు.

"ఆఫీసరుగారు తిట్టలేదా అండీ?"

"ఎందుకు తిట్టడు? నీకు పని లేదా అన్నాడు. ఇదేనండి పని అన్నాను." టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ చెప్పేవారు. "చూసినవాడు మూస్తే మూసినట్టు కాదు అమ్మాయ్. చెప్పినవాడు మూయాలి. ఆ ఫోను మనకి పలికితే ఏం లాభం, ఆయనకి పలకాలి గానీ."

నేను డిగ్రీలో కంప్యూటర్ల చదువు మొదలుపెట్టాక ఒకసారి మామ్మగారు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయారు. అమ్మ గోడ మీంచి చూడబట్టి సరిపోయింది. మేనకోడలు తమ ఇంటికి వచ్చి ఉండమని బతిమాలింది. ఆవిడ ఒప్పుకోలేదు. "అక్కడ నలుగురూ బడికి పోతారు. నాకు తోడు మీ ఇంటి కుక్కా?" అన్నారు. అప్పుడు నేను, గంట కడతానని ముందుకొచ్చాను. నన్నెవరూ అడగలేదు. నేర్చుకున్నది చూపించాలన్న తొందర నాది.

గంట అంటే ఇదీ. ఆవిడ మంచం పక్కన గోడకి, నేల మీద పడ్డ మనిషికి కూడా అందేంత కిందుగా ఒక స్విచ్చి. అక్కడి నుంచి తీగ ఒక చిన్న డబ్బాలోకి వెళ్తుంది. డబ్బాలో ఒక సర్క్యూటు, దాన్ని నడిపే ప్రోగ్రాం. స్విచ్చి నొక్కితే ఆ డబ్బా రేడియోలాగా గాలిలో కబురు పంపుతుంది. మా వంటింట్లో ప్లగ్గుకి తగిలించి, కరెంటు పోతే సెల్సు మీద నడిచే రెండో డబ్బా దాన్ని అందుకుని గంట కొడుతుంది. కరెంటు పోయినా పని చెయ్యాలని, ఆవిడ వైపు డబ్బాని ఒక పవర్‌బ్యాంకుకి తగిలించాను. ఫోన్లు ఛార్జింగ్ చేసుకునే మామూలు పవర్‌బ్యాంకే, కరెంటు లేనప్పుడు మామ్మగారి ఫోనుకీ అదే. పక్కనున్న బటన్ నొక్కితే చిన్న దీపాలు వెలిగి ఎంత ఛార్జి ఉందో చెబుతాయి.

బిగించిన రోజున మామ్మగారు దర్జాగా నేల మీద కూర్చుని స్విచ్చి నొక్కారు. అమ్మ వచ్చింది.

"ఏంటండీ?"

"ఏమీ లేదు. నీ కూతురి గొప్పతనం ఎలా ఉందో చూద్దామని."

ఆ తర్వాత అమ్మ చేతికి కాస్త తీరిక ఉందనిపిస్తే చాలు, టీ పెట్టుకుని మరీ గంట కొట్టేవారు. అమ్మ విసుక్కుంటూనే వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చేది.

ఒక్కటే ఇబ్బంది. పవర్‌బ్యాంకు తొందరగా అయిపోయేది. అమ్మ దాన్ని మాటిమాటికీ మా ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టాల్సి వచ్చేది. నేను హాస్టల్లో కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాను. స్విచ్చి నొక్కని సమయమంతా సర్క్యూటు నిద్రపోయేలా, బొట్టు బొట్టుగా మాత్రమే కరెంటు తీసుకునేలా చేశాను. ఆ తర్వాత ఏ ఆదివారం వెళ్ళి బటన్ నొక్కినా దీపాలన్నీ వెలిగేవి. నా పొదుపు చూసుకుని నేనే మురిసిపోయాను. క్లాసులో దాని మీద సెమినార్ ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వచ్చింది మొదటి కంప్లైంటు.

"అమ్మాయ్, నీ గంట మోగట్లేదు."

"ఎప్పుడండీ?"

"మొన్న మంగళవారం. నొక్కాను, మీ అమ్మ రాలేదు."

"అమ్మ ఇంట్లో లేదేమో."

"ఎందుకు లేదు? కిటికీలోంచి కనపడుతూనే ఉంది, కరివేపాకు దూస్తూ. మోగితే మీ కిటికీలోంచి నాకూ వినపడుతుందిగా. మోగలేదు."

నేను పవర్‌బ్యాంకు బటన్ నొక్కి చూశాను. దీపాలన్నీ వెలిగాయి. స్విచ్చి నొక్కాను. మా వంటింట్లో గంట ఖంగుమంది.

"చూశారా?"

"చూశాను. నువ్వొస్తే అత్తగారి ముందు కోడలిలా బుద్ధిగా ఉంటుంది. నువ్వు బస్సెక్కాక దాని ఇష్టం."

పై ఆదివారం మళ్ళీ అదే మాట. ఈసారి ల్యాప్‌టాప్ తెచ్చి డబ్బాకి తగిలించాను. లోపల ప్రోగ్రాం ఏం చేస్తోందో తెర మీద వరసగా పడుతోంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లూ గంట మోగింది. "చూశానండీ, బాగానే ఉంది," అన్నాను.

"చూసి చెప్పకు అమ్మాయ్. ఉండి చెప్పు."

నాకు బస్సుకి వేళవుతోంది. బ్యాగు సర్దుకుంటూ నవ్వాను.

మా చదువులో ఇలాంటి తప్పుల గురించి ఒక పాఠమే ఉంది. ప్రోగ్రాం ఎక్కడో తప్పు చేస్తుంది. ఎక్కడో చూద్దామని మనం లోపల ఒక లైను అదనంగా పెడతాం. పెట్టగానే తప్పు మాయమవుతుంది. ఆ లైను తీసేస్తే మళ్ళీ వస్తుంది. తప్పు ఎక్కడికీ పోలేదు, మనం చూడటం వల్ల లోపల ఏదో కొద్దిగా మారింది, అంతే. చూడటం కూడా ఒక పనే, దాని బరువు చూసేదాని మీద పడుతుంది. ఇదంతా నేను పరీక్షలో శుభ్రంగా రాశాను. మంచి మార్కులు వచ్చాయి. మామ్మగారి గదిలో అదే నా ఎదురుగా ఉంటే మాత్రం, పెద్దావిడ స్విచ్చి సరిగ్గా నొక్కడం లేదనుకున్నాను.

ఆవిడ తన వంతుగా కారణాలు వెతికారు. డబ్బాలో బల్లి దూరిందేమో అన్నారు. మంచుకి తీగ తడిసిందేమో అన్నారు. గోడకి కొత్తగా వేసిన సున్నం మీద కూడా అనుమానపడ్డారు. అన్నీ తప్పే. కానీ ఒక ఆదివారం ఇలా అన్నారు: "ఒకటి కనిపెట్టాను. కరెంటు పోయినప్పుడు మోగుతోంది. కరెంటు ఉంటే మోగట్లేదు."

నేను పగలబడి నవ్వాను. "కరెంటుకీ దీనికీ సంబంధమే లేదు మామ్మగారూ. ఇది బ్యాటరీ మీద నడుస్తుంది."

"ఉందో లేదో నాకు తెలీదు. జరిగింది చెప్పాను."

హాస్టల్‌కి వెళ్ళి ఆ మాట స్నేహితురాళ్ళకి చెప్పాను. కరెంటంటే భయపడే గంట అని కొన్నాళ్ళు మా గదిలో అదో జోకు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఆ గంటనే చూపించాను. వాడుతున్న మనిషి మాట్లాడే వీడియో ఒకటి కావాలన్నారు మా మేడం. పరీక్షలు దగ్గరకొచ్చాయి. నేను ఫోను పట్టుకుని మామ్మగారి ముందు నిలబడ్డాను. ఆవిడ చీర సర్దుకున్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ గంట ఎలా పని చేస్తోంది మామ్మగారూ?" అని అడిగాను.

ఆవిడ ఫోనుని చూడలేదు. నన్ను చూశారు. కాసేపు అలాగే చూసి, "బాగా మోగుతోందండి. నొక్కిన ప్రతిసారీ మోగుతోంది," అన్నారు. అండీ అని ఎవరిని అన్నారో, మా మేడంనో, ఆ వీడియో చూసే లోకాన్నో. నేను రికార్డింగ్ ఆపి, "ఇప్పుడు బాగైందాండీ?" అని సంతోషంగా అడిగాను.

"చెప్పాను కదే. ఇంక వెళ్ళి చదువుకో."

ఆ తర్వాత ఆవిడ గంట మీద కంప్లైంటు చెయ్యలేదు. అది తనంతట తానే బాగుపడిందని నమ్మాను. ఒక్క అక్షరం కూడా మార్చని ప్రోగ్రాం దానంతట అది ఎలా బాగుపడుతుందని నన్ను నేను అడగలేదు. మార్కులు వచ్చాయి కదా.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేశాక, ఆమెను కనిపెట్టుకుని ఉన్న పక్కింటివాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆ అమ్మాయి గంట కూడా కట్టి ఇచ్చిందట అన్నారు. జనం నా వైపు తిరిగి చూశారు. ఎవరో పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, "ఎంత మంచి పిల్లవమ్మా," అంది. అమ్మ తల దించుకుంది. నేనూ దించుకున్నాను. ఒకే గంట గురించి, ఎవరి సిగ్గు వాళ్ళది.

గుండె ఒక్కసారిగా ఆగిందనీ, ఎవరున్నా చేసేదేమీ లేదనీ డాక్టరుగారు చెప్పారట. అమ్మ ఆ మాట విన్నది గానీ తీసుకోలేదు. సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళొచ్చినా, బట్టలు మడతపెడుతున్నా, ఉన్నట్టుండి ఆగి, "స్విచ్చి కిందే ఉన్నారే ఆవిడ. చెయ్యెత్తితే అందుతుంది," అనేది. నాన్న ఊరుకోమనేవాడు. అమ్మ నాతో అనడం కూడా కాదు, తనలో తనే అనుకునేది.

ఒక రోజు అన్నం తింటుంటే అమ్మ ఇంకో సంగతి చెప్పింది. వీడియో తీసుకున్నాక కూడా గంట సరిగ్గా మోగేది కాదట. మామ్మగారు తన వంటింటి కిటికీలో ఒక స్టీలు పళ్ళెం, గరిటె పెట్టుకున్నారట. ఏదైనా అవసరమైతే ఇది వాయిస్తాను అన్నారట.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పొద్దన్నారే. పరీక్షలయ్యేదాకా దాన్ని కదిలించకు అన్నారు. అది వచ్చి చూస్తుంది, అది చూస్తే గంట మోగుతుంది, పిల్ల మళ్ళీ నా మొహంలోకి చూస్తుంది, నాకెందుకొచ్చిన గొడవ అన్నారు." అమ్మ ముద్ద కలపడం ఆపింది. "పళ్ళెం ఎక్కడిదక్కడే ఉంది. ఆ రోజు వంటింటి దాకా పోలేకపోయారు. ఇక మిగిలింది గంటే కదా. అది మోగుంటుంది, నాకే వినపడలేదు."

నేను కంచం పక్కకి జరిపాను. ఒక బట్టల కొట్టాయన ఫోను కోసం ఆఫీసరుతో తగవు పెట్టుకున్న మనిషి. చెప్పినవాడే మూయాలన్న మనిషి. ఆవిడ జీవితంలో అబద్ధం చెప్పి మూసిన కంప్లైంటు ఒక్కటే అయ్యుంటుంది. అది నాది.

మేనకోడలు ఇంటి తాళం మా దగ్గరే ఉంచి వెళ్ళింది. మర్నాడు అమ్మ సంతకి వెళ్ళిన సమయం చూసుకుని నేను ఆ ఇంట్లోకి వెళ్ళాను. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళలేదు. ఫోను కూడా ఇంట్లోనే పెట్టేశాను. మంచం పక్కన, ఆవిడ కూర్చున్న చోటనే, నేల మీద కూర్చున్నాను. ఏదీ ముట్టుకోలేదు. చూడటానికి కాదు, ఉండటానికి వెళ్ళాను. పరుపు చుట్టేసి ఉంది. గది మూసిన వాసన వేస్తోంది. వీధిలో ఆటోలు పోతున్నాయి. మా వంటింటి కిటికీ తెరిచే ఉంది.

బాగా సేపయ్యాక చెయ్యెత్తి స్విచ్చి నొక్కాను. ఏ చప్పుడూ లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. మూడోసారి గట్టిగా నొక్కిపట్టాను. కిటికీ అవతల మా వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది.

అలవాటు కొద్దీ నా చెయ్యి పవర్‌బ్యాంకు మీదికి పోయింది. ఛార్జి ఉందో లేదోనని బటన్ నొక్కాను. దీపాలన్నీ వెలిగాయి. స్విచ్చి నొక్కాను. గంట మోగింది.

అప్పుడు నాకు తెలిసింది. తెలిసిన ఆ క్షణంలో, ఆ గదిలో ఎవరూ లేకపోయినా మొహం చేతులతో కప్పుకున్నాను.

పవర్‌బ్యాంకు ఫోన్ల కోసం చేసిన వస్తువు. తనకు తగిలించినది కరెంటు బాగా లాగుతుంటే ఇస్తుంది. మరీ కొంచెం లాగుతుంటే, అవతల ఏమీ లేదనుకుని కాసేపటికి తనే ఆగిపోతుంది. నేను పొదుపు నేర్పి నేర్పి నా సర్క్యూటుని ఉన్నట్టే తెలియనంత చిన్నది చేశాను. అది నిద్రపోతే పవర్‌బ్యాంకు కూడా ఆగిపోయేది. ఛార్జి ఎంతుందో చూద్దామని నేను బటన్ నొక్కగానే మళ్ళీ లేచేది. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఆ తీగలోంచే కరెంటు వచ్చేది. నేను చూడటానికి చేసిన ప్రతి పనీ దానికి ప్రాణం పోసేది. నేను బస్సెక్కాక అది ఆగిపోయేది. దీపాలు తగ్గకుండా ఉన్నది నా పొదుపు వల్ల కాదు, అసలు ఏదీ నడవకపోవడం వల్ల.

కరెంటు పోయినప్పుడు మామ్మగారు తన చిన్న బటన్ల ఫోనుని కూడా ఆ పవర్‌బ్యాంకుకే కాసేపు ఛార్జింగ్ పెట్టుకునేవారు. ఫోను లాగుతుంటే అది మేలుకుని ఉండేది. గంట మోగేది. కరెంటు పోతే మోగుతుంది, ఉంటే మోగదు. జరిగింది చెప్పారు ఆవిడ. మేము హాస్టల్లో నవ్వుకున్నాం.

ఆ రోజు పొద్దున ఆవిడ స్విచ్చి నొక్కారో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. నొక్కి ఉంటే మోగి ఉండేది కాదని మాత్రం తెలుసు. ఆ పొద్దున తిరువూరులో కరెంటు ఉంది. అమ్మ మిక్సీ వేసింది కదా.

అమ్మ సంత నుంచి వచ్చాక అంతా చెప్పాను. "నీకు వినపడకపోవడం కాదమ్మా. అది మోగలేదు. మోగేదే కాదు."

అమ్మ కూరగాయలు బుట్టలో పోస్తూ, నా వైపు చూడకుండా, "సరేలేవే," అంది.

"నిజమమ్మా."

"నన్ను ఊరుకోబెట్టాలని చెబుతున్నావు. నాకు తెలీదా? తప్పు నీ మీద వేసుకుంటే నాది పోతుందా? అంత చప్పుడులో ఏం వినపడుతుంది ఎవరికైనా."

ఎంత చెప్పినా వినలేదు. నేను రేడియో కబుర్లు, కరెంటు లెక్కలు చెబుతుంటే, చదువుకున్న కూతురు జాలిపడి అల్లిన కథలాగా వింది. మిక్సీ తిరుగుతున్నా తనకి గంట వినపడుతుందని తేలితే తప్ప, ఆ రోజు అది మోగలేదని అమ్మ నమ్మదని అర్థమైంది. అడిగి చూస్తే కుదరదు. నొక్కుతున్నాను, వినమ్మా అంటే చెవులు రిక్కించుకుని వింటుంది. అది లెక్కలోకి రాదు.

ప్రోగ్రాంలో నిద్రపుచ్చే లైన్లన్నీ తీసేశాను. పవర్‌బ్యాంకుని పక్కన పెట్టి, అలా ఆగిపోని బ్యాటరీ తెచ్చి తగిలించాను. ఒక పగలంతా దాన్ని ముట్టుకోకుండా వదిలేశాను. మర్నాడు పొద్దున అమ్మతో, "ఇంట్లో రుబ్బిన పిండితో దోసెలు తినాలని ఉందమ్మా," అన్నాను. అమ్మ నన్ను ఒకసారి చూసి, ఏమీ అనకుండా పప్పు నానబోసింది. మధ్యాహ్నం అటక మీంచి మిక్సీ దించింది.

నేను మామ్మగారి గదిలోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. గోడ అవతల మిక్సీ మొదలైంది. ఆగింది, గిన్నెలో ఏదో సర్దిన చప్పుడు, మళ్ళీ మొదలైంది. నేను చేస్తున్నది మంచి పనో కాదో ఆ కాసేపట్లో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. మిక్సీ బాగా జోరుగా తిరుగుతున్నప్పుడు స్విచ్చి నొక్కాను.

గంట మోగిందో లేదో నాకు వినపడలేదు. మిక్సీ ఒక్కటే వినపడుతోంది. తర్వాత మా గేటు గోడకి కొట్టుకున్న చప్పుడు.

"వస్తున్నానండీ అత్తయ్యగారూ, వస్తున్నా. ఏమైందండీ?"

అమ్మ అంత గట్టిగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఒక కాలికే చెప్పు ఉంది. మోచేతుల దాకా పిండి. గుమ్మం దాకా వచ్చి, చుట్టేసిన పరుపునీ, దాని పక్కన నేల మీద కూర్చున్న నన్నూ చూసి ఆగిపోయింది. ఊపిరి ఎగపోస్తోంది. నేను స్విచ్చి మీద నుంచి వేలు తీశాను.

అమ్మ మెల్లగా గడప మీద కూర్చుంది.

"వినపడిందే," అంది. "అంత చప్పుడులోనూ వినపడిందే నాకు," అంది మళ్ళీ.

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళ నుంచీ ఏడ్చిన ఏడుపు కాదది. నేను దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. ఉన్నచోటే ఉండిపోయాను. కొంగుకి అంటకుండా అమ్మ చేతులు రెండూ ముందుకు చాపి కూర్చుంది. వేళ్ళ మీంచి పిండి ఒక్కో చుక్కే గడప మీద పడి, ఆ ఎండకి అంచుల నుంచి తెల్లగా ఆరిపోతోంది.